గెల వేశాక తోలిన ఎరువు

మా సత్యం అన్నయ్య బ్యాంకు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక రైతు అయ్యాడు. అయ్యాడంటే మామూలుగా కాదు, తలపాగా చుట్టుకుని మరీ అయ్యాడు. మా పెదనాన్నగారి ఒక్కగానొక్క కొడుకు కాబట్టి భూమికి లోటు లేదు, పెన్షను వస్తుంది కాబట్టి పంట పోయినా బెంగ లేదు. అలాంటి మనిషికి వ్యవసాయం కంటే సరదా ఇంకేముంటుంది! తాడేపల్లిగూడెం దాటాక మా ఊరి మలుపులో, కాలవ గట్టు మీద, నిలువెత్తు బోర్డు పెట్టించాడు. దాని మీద ‘సంపూర్ణ సేంద్రియ అరటి క్షేత్రం’ అని ఆకుపచ్చ అక్షరాలు, పక్కన ఇంత పొడుగు గెల భుజాన వేసుకుని నవ్వుతున్న ఆయన ఫోటో. ఆ గెల గూడెం మార్కెట్లో కొన్నదని వాళ్ళావిడే నాకు చెప్పింది, మజ్జిగ ఇస్తూ, గొంతు తగ్గించి.

నేనుండేది ఏలూరు పక్క వట్లూరులో. పిల్లలకి జీవశాస్త్రం పాఠాలు చెప్పి చెప్పి గొంతు అరగదీసుకుని రిటైరయ్యాను. ఊరికి వెళ్ళడం నాకు పెద్ద ఇష్టం ఉండదు. కానీ అన్నయ్య ఫోను మీద ఫోను. “రావమ్మా చెల్లాయ్, నీలాంటి చదువుకున్నవాళ్ళు చూడాలి” అంటూ ఒకటే పొగడ్త. పొగిడితే మెత్తబడే జబ్బు నాకూ ఉంది. ఓ పొద్దున్నే ఏలూరు స్టేషన్లో పాసింజరెక్కాను. తీరా వెళ్ళేసరికి తోటలో నేనొక్కదాన్నే కాదు, ఇస్త్రీ బట్టల్లో వచ్చిన పెద్దమనుషులు ఇంకొందరున్నారు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. చెట్ల మధ్య నీలం డ్రమ్ములు, వాటిలో బెల్లం, శనగపిండి, ఆవు పంచితం కలిపి పులియబెట్టిన ద్రావణం. అన్నయ్య పెద్ద కర్రతో డ్రమ్ము కలుపుతుంటే అందరూ వీడియోలు తీశారు. కుడివైపుకే తిప్పాలిట. ఎడమవైపుకి తిప్పితే ఏమవుతుందని అడిగాను. “అలా అడక్కూడదమ్మా” అన్నాడు.

అసలు ముచ్చట ఆ తర్వాత మొదలైంది. ట్రాక్టరు వచ్చి పశువుల ఎరువు తెచ్చి పోసింది. కూలీలు తట్టలతో మోసి ఒక్కో అరటిచెట్టు మొదట్లోనూ గుమ్మరిస్తున్నారు. తలెత్తి చూస్తే చెట్లన్నిటికీ గెలలు వేలాడుతున్నాయి. గెలలంటే గెలలని అనాలి కాబట్టి అంటున్నాను. మూరెడు కాడ, దానికి అక్కడో అత్తం, ఇక్కడో అత్తం, ఆ అత్తాల్లో చిటికెన వేలంత కాయలు.

“ఇదేమిటన్నయ్యా, గెలలు దిగాక తోలిస్తున్నావు ఎరువు?” అన్నాను.

“మరి గెలకి బలం రావద్దూ? కడుపుతో ఉన్న పిల్లకి పెట్టినట్టే కదమ్మా.”

“కడుపుతో ఉన్నప్పుడు పస్తు ఉంచావు. పురుడొచ్చాక పెడుతున్నావు.”

వచ్చిన పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వాడు. అన్నయ్యకి చిన్నతనం అనిపించింది. “అబ్బే, ఎరువుదేం లేదండీ” అన్నాడు నన్ను వదిలేసి వాళ్ళవైపు తిరిగి. “పిలకలు నాటిన మనిషి చెయ్యి మంచిది కాదు. పైయేడు ఆవిణ్ణి మార్చేస్తున్నాను. కొందరి చెయ్యి అంతేనండీ, ఏం చేస్తాం? మా పిన్ని ఉండేది. ఈ చెల్లాయి వాళ్ళమ్మేనండీ. బంగారంలాంటి మనిషి. కానీ పాపం, ఆవిడ చెయ్యి తగిలితే అరటి లేచేది కాదు. మా నాన్నగారు ఎప్పుడూ అనేవారు.”

అందరూ అయ్యో పాపం అన్నట్టు తలలూపారు. మా అమ్మ పోయి చాలా కాలమైంది. పోయిన మనిషిని పట్టుకుని, ఆవిడ కూతురి ఎదుట, ముక్కూమొహం తెలియని జనానికి, చేతగాని తోట చూపిస్తూ చెప్పడానికి వాడికి దొరికిన కబురు అది. నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడే నాలుగూ దులిపేసేదాన్నే, కానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోపంలో ఏడుపొచ్చే ఆడవాళ్ళ మాట ఎవరూ వినరని నాకు స్టాఫ్ రూముల్లోనే తెలిసొచ్చింది కాబట్టి నోరు మూసుకుని, చెట్టు నీడకి పోయి నిలబడ్డాను. ఎరువు వాసన మొహానికి కొట్టింది. ఆ వాసన నాకేమన్నా కొత్తా? నేను పుట్టి పెరిగిందే ఆ వాసనలో.

మా వైపు పశువుల ఎరువుని గత్తం అంటారు. మా పెరట్లో కొట్టం వెనక గత్తం గుట్ట ఉండేది. పెదనాన్నగారు, మా నాన్న పొలాలు పంచుకున్నారు గానీ ఇల్లూ, పశువులూ, ఆ గుట్టా ఉమ్మడిగానే ఉంచుకున్నారు. పంట మార్పిడికని మడులు కూడా వంతుల మీద మార్చుకునేవారు, మేం అరటి తీసిన మడిలో పైయేడు వాళ్ళు వరి వేసేవారు. తెల్లారకుండానే కొట్టంలో తట్టల చప్పుడు మొదలయ్యేది. పేడ ఎత్తడం, తడిసిన గడ్డి ఊడ్చడం, పొయ్యిలో బూడిద, అరటి దవ్వలు, కూర తొక్కలు, అన్నీ కలిపి తట్టకెత్తి గుట్ట మీద పోయడం ఆడవాళ్ళ పని. ఆడవాళ్ళ పని అంటే మా అమ్మ పని. మా పెద్దమ్మకి నడుం నొప్పి. తెల్లవారుజామున వచ్చి కాఫీ వేళకి పోయే నొప్పి అది. అమ్మ చేతులకి ఎంత సున్నిపిండి రుద్దినా ఆ వాసన వదిలేది కాదు. నన్ను పక్కలో పడుకోబెట్టుకుని జుట్టు నిమురుతుంటే పేడ వాసన, ఆవాల పోపు వాసన కలిసి వచ్చేవి. నాకు మాత్రం ఆ వాసనకే నిద్ర పట్టేది.

పెదనాన్నగారు పొద్దుటే చుట్ట వెలిగించుకుని గుట్ట దగ్గరికి వచ్చేవారు. చేతికర్ర గుట్టలోకి దిగేసి, బయటికి లాగి, కొసని ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవారు. ఘాటు కొడితే ఇంకా మాగలేదని, మట్టి వాసన వస్తే అయిందని. ఆ విద్యలో ఆయన్ని కాదనేవాళ్ళు చుట్టుపక్కల లేరు. ఊళ్ళో రైతులు కూడా వచ్చి అడిగేవారు, “ఏవండీ, మాది తోలుకోవచ్చంటారా?” అని. ఆయన కర్ర పుచ్చుకుని వెళ్ళి, వాళ్ళ గుట్టలోనూ గుచ్చి, తీర్పు చెప్పి వచ్చేవారు. అంతటి మనిషి.

మా ఇంట్లో అన్నిటికీ ఒక వరస ఉండేది. వేణ్ణీళ్ళు ముందు పెద్దవాటాకి. కళ్ళం ముందు పెద్దవాటాకి. నూర్పిళ్ళకి ఎడ్లు ముందు పెద్దవాటాకి. గత్తం సంగతి చెప్పక్కర్లేదు. కోతలయ్యి దారులు ఎండాక బళ్ళు కట్టేవారు. వేసవి పొడుగునా గత్తం బళ్ళు పెదనాన్నగారి అరటితోటకీ, ఆయన కొబ్బరికీ, ఆయన వరిచేలకీ తిరిగేవి. మా వంతు వచ్చేసరికి తొలకరి పడేది. మా తోటకి వెళ్ళే పుంత దారి నల్లరేగడి. ఓ వాన పడిందంటే బండి ఇరుసు దాకా దిగబడేది. పెదనాన్నగారు ఆకాశం చూసి, నాలుక చప్పరించి, “ఇంకేం వెళ్తాయిరా తమ్ముడూ బళ్ళు? దారి ఆరాక మొట్టమొదట నీ తోటకే తోలిద్దాంలే” అనేవారు. మా నాన్న “అలాగే అన్నయ్యగారూ” అనేవాడు. మా నాన్నకి జన్మంతా వచ్చిన మాటలు ఆ రెండే.

అన్నమాట తప్పేవారు కాదు పెదనాన్నగారు. అదీ ఆయన గొప్ప. సంక్రాంతి దాటి దారి ఆరగానే మొట్టమొదటి బండి మా తోటకే తోలించేవారు. ఊరంతా చూసేది. తమ్ముడంటే ఎంత ప్రేమ అనుకునేది. తొలకరిలో ఉత్త మట్టిలో నాటిన మా పిలకలు అప్పటికి ఎదిగి, ఉన్న బలంతో పువ్వేసి, బక్కచిక్కిన గెలలు దించుకుని నిలబడి ఉండేవి. వాటి మొదట్లో బంగారంలా మాగిన గత్తం కుప్పలు పోసేవారు. దానికి ఆకులు నవనవలాడేవి. చెట్టు చుట్టూ బోలెడన్ని కొత్త పిలకలు పుట్టుకొచ్చేవి. గెల మాత్రం వేసింది వేసినట్టే ఉండేది. అటు గట్టు అవతల పెదనాన్నగారి తోటలో గెలలు వెదురు గెడలు ఆనిస్తే తప్ప నిలబడేవి కాదు.

రెండు తోటల గెలలూ ఒకే గోతిలో మగ్గేసేవారు. గోతిలో అరటాకులు పరిచి, గెలలు పేర్చి, పైన మట్టి కప్పి, ఓ మూల కన్నంలోంచి పొగ ఊదేవారు. మూత తీసే రోజున ఇల్లంతా చక్రకేళి వాసన. ఆ రోజు మా అమ్మ పెరట్లోకి వచ్చేది కాదు. ఎందుకంటే గెలలు పైకి తీసి పక్కపక్కన పెట్టగానే తెలిసిపోయేది ఏది ఎవరిదో. పెదనాన్నగారు మా గెల ఒకటి ఒంటి చేత్తో ఎత్తి, అందరికీ చూపించి, “నీచు చెయ్యిరా, అరటి ఓర్చుకోదు” అని నవ్వేవారు.

ఆ నీచు కథ కూడా చెప్పాలి. మా అమ్మ పుట్టిల్లు కొల్లేటికోట. కొల్లేరు మధ్యనున్న ఊరు. మా తాతగారు సరస్సు నీళ్ళు తీశాక బయటపడ్డ నేలలో వరి వేసే రైతు. జన్మలో వల పట్టి ఎరుగరు. అయినా సరే, మా వాళ్ళ లెక్కలో కొల్లేరంటే చేపలు, కొల్లేటి పిల్లంటే చేపల చెయ్యి. ఆ చెయ్యి తగిలితే అరటి పిలక అలిగి ముడుచుకుపోతుంది. మా మామయ్య కొల్లేటి నుంచి కొర్రమీనులు పట్టుకొచ్చి ఇస్తే మాత్రం అదే చెయ్యి అందరికీ కావాలి. పెదనాన్నగారు పీట వేసుకుని కూచుని, “మా మరదలు చెయ్యి పడితే పులుసుకి ఆ రుచే వేరు” అంటూ ముళ్ళు చీకేవారు. ఆ చేతికి నీచు అంటుకోవడం, వదలడం ఆయన ఆకలిని బట్టి ఉండేది. సిగ్గులేని జనం!

ఇది నవ్వులాటతో పోయుంటే నేను ఇంత రాసేదాన్ని కాదు. మా ఇంట్లో ఆ మాట చట్టమైపోయింది. పందిట్లో దొండ తీగ పాతాలన్నా, పెరట్లో బంతి నారు పోయాలన్నా, “నువ్వు ముట్టుకోకమ్మా” అని పెద్దమ్మ అడ్డం వచ్చేది. విత్తనాల కుండ దింపాల్సొస్తే అమ్మ దింపకూడదు. వరి నాట్ల మొదటి రోజున అమ్మని ఇంట్లో వంటకి ఉంచేసేవారు. పేడ తట్ట మాత్రం మొయ్యొచ్చు. దానికి ఏ శకునమూ అడ్డం రాదు. మా అరటితోటలో కూలీలు దొరక్క అమ్మే పిలకలు నాటేది కాబట్టి ఆ నింద ఏటేటా కొత్తగా వచ్చి నెత్తిన కూచునేది. పక్కింటివాళ్ళు కూడా, పాపం మంచి మనసుతోనే, తమ పాదులో విత్తనం పెట్టేటప్పుడు “వదినా, కాస్త అటు వెళ్ళండి” అనేవారు. అమ్మ వెళ్ళేది. ఒక్కసారి కూడా ఎందుకు వెళ్ళాలి అనలేదు. నోట్లో నాలుక లేని మనుషులంటే నాకు చిన్నప్పటినుంచీ కోపం. ఆ కోపం మొదట కలిగింది మా అమ్మ మీదే.

ఒక ఏడు మాత్రం తలకిందులైంది. పెదనాన్నగారి కూతురి పెళ్ళి కుదిరింది. ఏలూరు సంబంధం. మగపెళ్ళివారు పట్నం మనుషులు, పెరట్లో గుట్ట వాసన చూసి ముక్కు మూసుకుంటారని పెద్దమ్మకి బెంగ పట్టుకుంది. పందిరికి చోటు కూడా కావాలి. పెదనాన్నగారు బట్టలకీ, బంధువులకీ తిరుగుతున్నారు. తోటలకి బళ్ళు తోలించే తీరిక లేదు. “ఏదో దగ్గర్లో పారేయించండి, ముందు ఇక్కణ్ణుంచి కదలాలి” అంది పెద్దమ్మ. దగ్గర్లో అంటే, గట్టుకి ఇవతల ముందు తగిలేది మా తోట. ఎండలు ముదరకుండానే, దారి గట్టిగా ఉండగానే, గుట్ట గుట్టంతా మా మడిలో పడింది. నాన్నా అమ్మా గోతులు తీసి, గత్తం నింపి, పైన మట్టి కప్పి వదిలేశారు. తొలకరికి పిలకలు నాటారు. ఆ నాటే రోజున అమ్మ చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ నాకు పళ్ళు పటపటలాడతాయి. తనే వెళ్ళి పెద్దమ్మని బతిమాలి తీసుకొచ్చింది. “అక్కయ్యా, మొదటి పిలక మీ చేత్తో పెట్టండి. నా చెయ్యి సంగతి తెలుసు కదా” అంది. పెద్దమ్మ పట్టుచీర చెరగు దోపుకుని, ఒక్క పిలక గోతిలో పెట్టి, చేతులు కడుక్కుని వెళ్ళిపోయింది. మిగిలిన తోటంతా అమ్మే నాటింది, నడుం విరిగేలాగ.

ఆ ఏడు మా తోట చూడ్డానికి జనం వచ్చారు. గెలలు నేలని తాకుతాయా అన్నట్టు దిగాయి. అత్తం పక్కన అత్తం, వేలు దూరే సందు లేదు. మా నాన్న వెదురు గెడల కోసం ఊరంతా తిరిగాడు. అమ్మ పొద్దునా సాయంత్రం తోటకి పోయి, గెలల కింద నిలబడి, పైకి చూసి వచ్చేది. తన మొహంలో అలాంటి వెలుగు నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. ఇంక ఈ దెబ్బతో అందరి నోళ్ళూ మూతపడతాయని నేను సంబరపడిపోయాను. స్కూల్లో కూడా చెప్పుకున్నాను. గోయి మూత తీసే రోజున అమ్మ మొదటిసారి పెరట్లోకి వచ్చి, కొట్టం గుంజ పట్టుకుని నిలబడింది. పెదనాన్నగారు మా గెలని రెండు చేతులతో ఎత్తబోయి, ఎత్తలేక, మనిషిని పిలిచారు. తర్వాత అందరివైపూ తిరిగి అన్నారు గదా, “చూశారా మరి? మా ఆవిడ చెయ్యి పడింది. ఒక్క పిలక పెట్టినందుకే తోటంతా ఇలా లేచింది.” పెద్దమ్మ సిగ్గుపడింది. అందరూ ఔనన్నారు. మా నాన్న కూడా తలూపాడు. నేను అమ్మ వైపు చూశాను, ఇప్పుడన్నా ఏదో ఒకటి అంటుందని. అమ్మ పెద్దమ్మ దగ్గరికి వెళ్ళి, ఆవిడ రెండు చేతులూ కళ్ళకద్దుకుంది.

పైయేడు బళ్ళు మళ్ళీ పాత వరసలో పడ్డాయి. గెలలూ పాత వరసలో పడ్డాయి. నింద తన ఇంటికి తను వచ్చినట్టు వచ్చేసింది.

నేను ఏలూరులో డిగ్రీ చదువుకునేటప్పుడు తెలిసింది అసలు సంగతి. అరటి నాటిన మూడు నాలుగు నెలల తర్వాత, పైకి ఉత్త ఆకుల చెట్టులా కనిపిస్తున్నప్పుడే, దాని పొట్టలో గెల తయారవడం మొదలవుతుంది. ఎన్ని అత్తాలు రావాలో అక్కడే తేలిపోతుంది. చెట్టు నేలలోంచి బలం గట్టిగా లాక్కునేది ఆ రోజుల్లోనే. పశువుల ఎరువేమో వేసిన రోజునే చెట్టుకి అందేది కాదు. మట్టిలో కలిసి, ఇంకా కుళ్ళి, నెమ్మదిగా విడుదలవుతుంది. అంచేత నాటకముందే గోతిలో వేయాలి, కాదంటే నాటిన తొలి రోజుల్లో. గెల బయటికొచ్చాక చెట్టు కొత్తగా తీసుకునేది తక్కువ. అప్పుడు ఎంత గత్తం పోసినా అది ఆకులకీ పిలకలకీ పోతుంది గానీ లేని అత్తాలు పుట్టుకురావు. ఇది చెప్పడానికి పెద్ద శాస్త్రవేత్త అక్కర్లేదు. మా తొమ్మిదో తరగతి పిల్లలకి చెబితే అర్థం చేసుకున్నారు. రిటైరైన బ్యాంకు ఆఫీసర్లకే అర్థం కాదు.

నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉండేది, వట్లూరులో. ఇంటి ముందు కాస్త ఖాళీ స్థలం. ఓ కరివేపాకు మొక్క తెచ్చి, “అమ్మా, నువ్వు పాతు” అన్నాను. చేతులు వెనక్కి పెట్టుకుంది. నిజంగానే, చిన్నపిల్లలా, రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది. నేను కూచోబెట్టి అంతా చెప్పాను. బొమ్మ గీసి మరీ చెప్పాను. పిలక ఇది, పొట్టలో గెల ఇది, గత్తం ఇప్పుడు రావాలి, మనకి అప్పుడు వచ్చేది, పెళ్ళి ఏడు మాత్రం ముందొచ్చింది, అందుకే తోట లేచింది, నీ చెయ్యీ కాదు పెద్దమ్మ చెయ్యీ కాదు అని. శ్రద్ధగా వింది. విని, “కూతురివి. అలాగే అంటావులే” అంది.

“నేను అనడం కాదమ్మా, పుస్తకాల్లో ఉంది.”

“పుస్తకాలవాళ్ళు నా చెయ్యి చూశారా తల్లీ? నా చెయ్యి చూసినవాళ్ళు అక్కడున్నారు. వాళ్ళలో ఒక్కరు అంటే నమ్ముతాను.”

అదీ ఆవిడ పట్టుదల. నోట్లో నాలుక లేని మనుషులకి కూడా ఓ పట్టుదల ఉంటుంది. ఆ ఇంట్లోంచి ఒక్క మాట రావాలి, అంతే. నేను సిగ్గు విడిచి పెదనాన్నగారికి ఓసారి చెప్పాను కూడా. అప్పటికి ఆయన మంచం మీద ఉన్నారు. “పెదనాన్నగారూ, అమ్మ చెయ్యి మంచిదేనని ఒక్కసారి ఫోన్లో అనండి, మీ సొమ్మేం పోతుంది?” అన్నాను. ఆయన కళ్ళు మూసుకుని నిద్ర నటించారు. ఆయన పోయారు. తర్వాత కొంతకాలానికి అమ్మా పోయింది. ఏ మొక్కా ముట్టుకోకుండానే పోయింది. ఆ కరివేపాకు నేనే పాతాను. ఇప్పుడది మేడ ఎత్తుంది.

అరటిచెట్టు నీడలో నిలబడి ఇదంతా తలుచుకుంటున్నానా, అన్నయ్య భోజనానికి కేకేశాడు. పెద్దమనుషులకి అరటాకుల్లో వడ్డన, దానికీ వీడియో. నేను ఆకులో సగం వదిలేశాను. లేచి చెయ్యి కడుక్కుని పెద్దమ్మ గదిలోకి వెళ్ళాను. తొంభై దాటిన మనిషి. చూపు తగ్గింది గానీ చెవులూ బుర్రా చక్కగా పనిచేస్తున్నాయి. మంచం మీద కూచుని తమలపాకు ఈనెలు తీస్తోంది. నా గొంతు విని, “చిన్నదాని కూతురివా? రా తల్లీ, ఇలా కూచో” అంది. పలకరింపులయ్యాయి. బయట ట్రాక్టరు చప్పుడు వింటూ తనంతట తనే మొదలెట్టింది.

“వింటున్నావా? గెలలు దిగాక తోలుతున్నాడమ్మా మీ అన్నయ్య గత్తం. వీడికి వాళ్ళ నాన్న బుర్ర రాలేదు. ఆయన ఉంటే చెంప పగలగొట్టును.”

నేను మంచం దగ్గరికి జరిగాను. “పెదనాన్నగారికి తెలుసాండీ, గెల వేశాక పోస్తే లాభం లేదని?”

“తెలీకపోవడమేంటి! ఆయనకి తెలీంది ఏముందీ? అరటికి గత్తం నాటకముందు పడితేనే గెల అనేవారు. అందుకేగా, చినుకు పడేలోపల మన తోటకి తోలించేసేవారు.”

“మరి మా తోటకి సంక్రాంతి వెళ్ళాక తోలించేవారు కదండీ.”

“అదా?” పెద్దమ్మ నవ్వింది. మొగుడి తెలివి గుర్తొచ్చిన నవ్వు. “అరటి తీసేశాక ఆ మడి వంతు ప్రకారం మాకు వచ్చేది కదమ్మా వరికి. గత్తం ఎక్కడికి పోతుంది? నేలలోనే ఉంటుంది. మా వరి ఏపుగా లేచేది. ఇటు తమ్ముడికి తోలించినట్టూ ఉండేది, అటు మన చేనికీ పడేది. ఆయన బుర్ర అలాంటిది.”

ఇన్నేళ్ళూ నేను వాళ్ళని మూర్ఖులనుకున్నాను. చదువు లేదు, శకునాల పిచ్చి, తెలియక అన్నారు అని, వెక్కిరిస్తూనే, ఓ మూల క్షమించేశాను. వాళ్ళు మూర్ఖులు కారు. మూర్ఖురాలిని నేను. అన్నీ తెలిసిన మనిషి, లెక్కగా, ఏటేటా, తన వరికి ఎరువు మా చెట్ల కింద దాచుకుని, మా గెల ఒంటి చేత్తో ఎత్తి చూపించి నవ్వాడు. నవ్వించాడు.

“మరి అమ్మ చెయ్యి మంచిది కాదని అనేవారేమండీ?”

“ఏదో ఒకటి అనాలి కదా తల్లీ. లేకపోతే మీ నాన్న అడగడూ, గెల ఎందుకిలా ఉందని?”

“మా అమ్మ చెయ్యి మంచిదేనాండీ?”

“చేతికేం? బంగారంలాంటి చెయ్యి. తోటంతా ఒక్కత్తీ నాటేది. ఒక్క పిలక చచ్చేది కాదు.”

ఆ మాటే. దానికోసమే మా అమ్మ చేతులు వీపు వెనక పెట్టుకుని బతికింది. తమలపాకు ఈనె తీసినంత తేలిగ్గా వచ్చింది ఆవిడ నోట్లోంచి.

“ఈ మాట ఆవిడ బతికుండగా ఒక్కసారి అనొచ్చు కదండీ పెద్దమ్మా?”

పెద్దమ్మ నిజంగానే ఆశ్చర్యపోయింది. చూపు ఆనని కళ్ళు నా వైపు తిప్పి, “తను నన్నెప్పుడూ అడగలేదు కదమ్మా” అంది.

నేను ఎవరికీ చెప్పకుండా ఆ ఇంట్లోంచి బయటపడి గూడెం స్టేషనుకి వచ్చేశాను. రైల్లో కూచున్నాక, ఇంటికెళ్ళగానే అమ్మకి చెప్పాలి అనుకున్నాను. చేబ్రోలు దాటేదాకా అలాగే అనుకుంటూ ఉన్నాను.